తాకకపోయినా కాల్చే కరెంటు

పెద్ద కరెంటు టవర్ ఎవరైనా ఎక్కితే కింద గుమిగూడిన జనం ఒకే మాట అరుస్తూ ఉంటారు: "తీగ పట్టుకోకు, జాగ్రత్త!" తీగను పట్టుకోకపోతే ఏమీ కాదని వారి నమ్మకం. పైకి ఎక్కినవారి నమ్మకం కూడా అదే. ఈ నమ్మకం తప్పు. ఇంట్లోని స్విచ్చుబోర్డు విషయంలో అది కొంతవరకు నిజం కావచ్చు గాని, హై టెన్షన్ టవర్ విషయంలో ఏమాత్రం నిజం కాదు. ఆ తీగలు తాకకుండానే మనిషిని పట్టుకుంటాయి.

మన తెలుగు ప్రాంతాల్లో టవర్ ఎక్కడం కొత్త సంగతి కాదు. పొలం హద్దు తేలలేదని ఒకరు ఎక్కుతారు. ఇంట్లో మాటామాటా పెరిగి, తాగిన మత్తులో మరొకరు ఎక్కుతారు. పిల్లలు గాలిపటం కోసమో, పిట్టగూడు కోసమో, సెల్‌ఫోన్‌లో ఫోటో కోసమో ఎక్కుతారు. బహిరంగ సభల్లో బాగా కనిపిస్తుందని ఎక్కేవారూ ఉన్నారు. 2023 నవంబర్ 11న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ సభలో ఒక అమ్మాయి లైట్ల టవర్ ఎక్కితే, ప్రధానమంత్రి ప్రసంగం మధ్యలో ఆపి, దిగిరమ్మని బ్రతిమాలారు. 2024 మార్చి 17న చిలకలూరిపేట దగ్గర జరిగిన సభలోనూ కొందరు లైట్ల టవర్లు ఎక్కారు. కరెంటు తీగలున్నాయి, దిగండి అని ఆయన మైకులో కోరవలసి వచ్చింది. అవి సభ కోసం నిలబెట్టిన లైట్ల టవర్లు. వాటిలో ఉండే మామూలు కరెంటు కూడా ప్రాణం తీయగలదు. పొలాల మీదుగా వెళ్ళే పెద్ద టవర్ల సంగతి దానికి ఎన్నో రెట్లు.

ఈ వ్యాసంలో ముఖ్యంగా రెండు సంగతులు చెప్పదలచుకున్నాము. మొదటిది, టవర్ మీద తీగను తాకకపోయినా షాక్ తగులుతుంది. రెండవది, ఆ షాక్ వల్ల పైకి కనిపించే గాయం చిన్నది, లోపల ఉండే గాయం పెద్దది. రెండవ సంగతి తెలియకనే చాలా కుటుంబాలు విలువైన గంటలు పోగొట్టుకుంటున్నాయి.

ఏ లైనులో ఎన్ని వోల్టులు?

వోల్టేజి అంటే నీళ్ళ ట్యాంకు ఎత్తు లాంటిది. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే పంపులో నీళ్ళు అంత జోరుగా వస్తాయి. మన ఇంట్లో ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు. ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైనులో 11,000 వోల్టులు ఉంటాయి. చిన్న సబ్‌స్టేషన్‌కు వచ్చే లైనులో 33,000 వోల్టులు ఉంటాయి. పొలాల్లో నాలుగు కాళ్ళతో నిలబడిన పెద్ద ఇనుప టవర్ల మీద 1,32,000, 2,20,000, 4,00,000 వోల్టుల లైన్లు వెళ్తాయి. కర్నూలు, నిజామాబాద్ వంటి చోట్ల 7,65,000 వోల్టుల లైన్లు కూడా ఉన్నాయి. కరెంటు ఆఫీసువారు వీటిని 132 కె.వి., 220 కె.వి. అని పిలుస్తారు. ఒక కె.వి. అంటే వెయ్యి వోల్టులు. ఈ పెద్ద టవర్లలో తక్కువ రకమైన 132 కె.వి. లైను కూడా మన ఇంటి కరెంటుకు 570 రెట్ల కంటే ఎక్కువ.

ఏ టవర్ మీద ఎంత ఉందో దూరం నుండే కొంత పోల్చుకోవచ్చు. తీగను టవర్ చేతికి వేలాడదీసే పింగాణీ లేదా గాజు బిళ్ళల దండను చూడండి. 132 కె.వి. లైనుకు సుమారు 9 లేక 10 బిళ్ళలు, 220 కె.వి.కి సుమారు 14, 400 కె.వి.కి సుమారు 23 ఉంటాయి. కొన్ని కొత్త లైన్లకు బిళ్ళలకు బదులు ఒకే పొడవాటి కడ్డీ పెడుతున్నారు. ఈ దండ పొడవు అలంకారం కోసం కాదు. తీగలోని కరెంటు టవర్ ఇనుము మీదికి దూకకుండా ఆపడానికి అంత దూరం అవసరం.

తాకకుండానే ఎలా పట్టుకుంటుంది?

గాలి సామాన్యంగా కరెంటును పోనివ్వదు. అందుకే తీగలకు తొడుగు లేకపోయినా అవి గాలిలో క్షేమంగా వేలాడుతున్నాయి. అయితే గాలి ఓర్పుకు ఒక హద్దు ఉంది. వోల్టేజి ఎక్కువై, దూరం తగ్గిపోతే గాలి తట్టుకోలేదు. అప్పుడు తీగ నుండి మనిషి మీదికి నిప్పుగీత ఒకటి దూకుతుంది. అది చిన్న పిడుగు వంటిది. దాని వేడి వేల డిగ్రీలు ఉంటుంది. ఒంటి మీద బట్టలు క్షణంలో అంటుకుంటాయి.

ఎంత దూరం ఉంటే క్షేమం? సబ్‌స్టేషన్లలో మనిషి నిలబడే చోటికీ, కరెంటు ఉన్న భాగానికీ మధ్య 132 కె.వి. అయితే కనీసం 3.5 మీటర్లు, 220 కె.వి. అయితే 4.3 మీటర్లు ఉండేలా కడతారు. 3.5 మీటర్లంటే ఇంచుమించు రెండు నిలువుల దూరం. ఇప్పుడు టవర్ సంగతి చూడండి. ఒక్కో పింగాణీ బిళ్ళ సుమారు 15 సెంటీమీటర్లు. 132 కె.వి. టవర్ మీద పది బిళ్ళల దండ అంతా కలిసి ఒకటిన్నర మీటరే. ఆ టవర్ చేతి మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్న మనిషి పాదాలకూ తీగకూ మధ్య ఇక ఎంత మిగులుతుంది? అతడు తీగ వైపు చేయి చాపనక్కర లేదు. కాలు కదిపినా, తడబడి ఒరిగినా, చేతిలో జెండా కర్రో గొడుగో ఉన్నా చాలు.

పక్షికి తగలనిది మనిషికి ఎందుకు తగులుతుంది?

"పిచ్చుకలు, కాకులు తీగ మీదే కూర్చుంటాయి కదా?" అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. కరెంటు పారాలంటే దానికి దారి కావాలి. ఒక చోట లోపలికి వచ్చి ఇంకొక చోట బయటికి పోవాలి. పిట్ట రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉంటాయి. అది నేలనుగాని, టవర్‌నుగాని, రెండవ తీగనుగాని తాకదు. దాని ఒంటి గుండా పోయే దారి లేదు. పెద్ద రెక్కల పక్షులు తీగకూ ఇనుముకూ ఒకేసారి తగిలితే అవి కూడా చనిపోతాయి.

టవర్ ఎక్కిన మనిషి పరిస్థితి వేరు. టవర్ ఇనుమును నేలలోకి ఎర్తింగ్ చేసి ఉంచుతారు. కాబట్టి ఇనుము మీద నిలబడినవాడు నేల మీద నిలబడినట్టే. తీగకు దగ్గరైతే అతని దేహమే తీగకూ నేలకూ మధ్య దారి అవుతుంది.

కొన్ని అపోహలు

"మా ఊళ్ళో కరెంటు లేదు, కాబట్టి టవర్‌లోనూ ఉండదు." మీ ఊరికి కరెంటు వచ్చేది 11 కె.వి. లైను నుండి. పెద్ద టవర్ లైను జిల్లాల మధ్య, రాష్ట్రాల మధ్య కరెంటును మోసుకుపోతుంది. మీ ఊరు చీకట్లో ఉన్నా దానిలో కరెంటు ఉంటుంది.

"షాక్ కొడితే లైను ట్రిప్ అయిపోతుంది, ఇక భయం లేదు." ట్రిప్ అయ్యే మాట నిజమే. కాని ఆ రెప్పపాటు కాలం చాలు, మనిషి కాలిపోవడానికి. పైగా చాలా పెద్ద లైన్లలో ట్రిప్ అయిన సుమారు ఒక సెకనుకే దానంతట అదే కరెంటు మళ్ళీ వచ్చే ఏర్పాటు ఉంటుంది. కొమ్మ తగిలిందో పిడుగు పడిందో అనుకుని యంత్రం మరొకసారి కరెంటు ఇచ్చి చూస్తుంది. అక్కడ మనిషి ఉన్నాడని దానికి తెలియదు.

"రబ్బరు చెప్పులు వేసుకున్నాను." "పొడి కర్రతో లాగుతాను." ఇంటి కరెంటు పట్టుకున్నవారిని పొడి కర్రతో నెట్టమని మనం చిన్నప్పటి నుండి విన్నాం. హై టెన్షన్ దగ్గర చెప్పులు, కర్ర, తాడు, చేతి గుడ్డ ఏవీ పనికిరావు. దగ్గరికి వెళ్ళినవారు రెండవ రోగి అవుతారు.

"లైను ఆపేశారట, ఇక ఎక్కవచ్చు." లైన్‌మన్లు లైను ఆపించి, ఎల్.సి. తీసుకున్న తరువాత కూడా వెంటనే తీగను ముట్టరు. కరెంటు లేదని పరీక్షించి, పనిచేసే చోటికి రెండు వైపులా తీగలను ఎర్త్ చేస్తారు. ఎందుకంటే పక్కనే మరొక లైను నడుస్తూ ఉంటే, ఆపిన తీగలో కూడా దాని ప్రభావం వల్ల ప్రాణాంతకమైన వోల్టేజి పుడుతుంది. శిక్షణ పొందినవారే అంత జాగ్రత్త పడుతుంటే మనం ఎంత జాగ్రత్త పడాలి?

ఎక్కకుండానే వచ్చే ప్రమాదం మరొకటి ఉంది. రైతు సోదరులు దీనిని గుర్తుంచుకోవాలి. 132 కె.వి. లైను తీగ నేలకు కనీసం 6.1 మీటర్ల ఎత్తున ఉండాలని నిబంధన. బోరుబావిలో దించే ఇనుప పైపు ఒకటి 20 అడుగులు, అంటే అది కూడా 6.1 మీటర్లే. లైను కింద బోరు పైపును నిలువుగా లేపితే టవర్ ఎక్కినట్టే. లైను కింద పైపులు లేపడం, గడ్డి ట్రాక్టరు మీద నిలబడడం, నిచ్చెన నిటారుగా పట్టుకుని నడవడం మానుకోండి.

దేహంలో ఏమి జరుగుతుంది?

మన దేహంలో కరెంటు ఎంత పారితే ఏమవుతుందో చూడండి. ఒక మిల్లీ ఆంపియర్ పారితే జిల్లుమంటుంది. 10 నుండి 20 మిల్లీ ఆంపియర్లు పారితే చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నదాన్ని వదలలేము. 50 నుండి 100 మిల్లీ ఆంపియర్లు గుండె గుండా పోతే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణుకుతుంది. హై టెన్షన్ తీగ నుండి దూకే కరెంటు మిల్లీ ఆంపియర్లలో కాదు, ఆంపియర్లలో ఉంటుంది. కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలు అవుతుంది.

టవర్ ప్రమాదంలో ఒకే మనిషికి నాలుగు రకాల దెబ్బలు కలిసి వస్తాయి.

1. నిప్పుగీత వల్ల, బట్టలు అంటుకోవడం వల్ల చర్మం కాలుతుంది. ఇది అందరికీ కనబడుతుంది.

2. కరెంటు లోపలికి వెళ్ళిన చోట, బయటికి వచ్చిన చోట రెండు గాయాలు ఉంటాయి. ఎక్కువగా అవి చేతిలో, పాదంలో ఉంటాయి. ఈ రెండింటి మధ్య కరెంటు నడిచిన దారిలో కండరాలు, నరాలు, రక్తనాళాలు ఉడికిపోతాయి. ఎముక దగ్గర వేడి ఎక్కువగా పుడుతుంది గనుక, ఎముకను ఆనుకుని ఉన్న కండరం లోలోపల కాలిపోతుంది. ఇది ఎవరికీ కనబడదు.

3. గుండె ఆగిపోవచ్చు, లయ తప్పవచ్చు. ఊపిరి ఆగిపోవచ్చు.

4. పై నుండి పడడం వల్ల తలకు, వెన్నుకు, కటి ఎముకకు దెబ్బలు తగులుతాయి. పడకపోయినా కండరాలు ఒక్కసారిగా బిగుసుకోవడం వల్ల భుజం కీలు తప్పవచ్చు, ఎముక విరగవచ్చు.

వార్డులో బంధువులు అడిగే ప్రశ్నలు

"సిస్టర్, అరచేతిలో రూపాయి బిళ్ళంత గాయమే కదా? కట్టు కట్టి పంపించండి."

బావి గట్టు మీద నిలబడి లోతు చెప్పలేము. కరెంటు గాయం కూడా అంతే. అరచేతిలో రూపాయి బిళ్ళంత నల్లని మచ్చ ఉన్నవారికి మోచేతి వరకు కండరం చచ్చిపోయి ఉండవచ్చు. హై టెన్షన్ షాక్ తగిలినవారు లేచి నడుస్తున్నా, మాట్లాడుతున్నా సరే, ఆసుపత్రిలో ఉంచి చూడవలసిందే. ఊరి వైద్యుని దగ్గర కట్టు కట్టించుకుని ఇంటికి తీసుకుపోయి, మూడవ రోజు చేయి నల్లబడ్డాక తీసుకువస్తే చేయగలిగింది తక్కువ.

"మూత్రం నల్లగా వస్తోంది, ఎందుకు? అన్ని సెలైన్ సీసాలు ఎందుకు ఎక్కిస్తున్నారు?"

కండరాలు చితికి, కాలి చనిపోయినప్పుడు వాటిలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం రక్తంలో కలుస్తుంది. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తుంది. ఇది మూత్రపిండాల్లో పేరుకుంటే అవి పనిచేయడం మానేస్తాయి. అప్పుడు డయాలిసిస్ చేయవలసి రావచ్చు. అందుకే సెలైన్ ఎక్కువగా ఎక్కించి, మూత్రం ధారాళంగా వచ్చేలా చూస్తాము. మూత్రపు గొట్టం వేసి గంటగంటకూ కొలిచి రాసేది ఇందుకే. ఆ సంచిని మీరు ఖాళీ చేయవద్దు. రంగు మారినా, మూత్రం తగ్గినా వెంటనే సిస్టర్‌కు చెప్పండి.

"బాగున్న చర్మాన్ని ఇంత పొడవున ఎందుకు కోశారు?"

ఈ ప్రశ్న అడిగేటప్పుడు బంధువుల గొంతులో కోపం ఉంటుంది. ఆ కోపం మాకు అర్థమవుతుంది. మన చేతిలో, కాలిలో కండరాల చుట్టూ గట్టి పొర ఒకటి ఉంటుంది. అది సాగదు. లోపల కండరం వాచినప్పుడు ఆ పొరలో ఒత్తిడి పెరిగి రక్తం పారడం ఆగిపోతుంది. రక్తం అందని కండరం సుమారు 6 గంటల్లో తిరిగి కోలుకోలేని స్థితికి వస్తుంది. పొడవుగా కోసి ఆ పొరను తెరిస్తే ఒత్తిడి తగ్గి, మిగిలిన కండరం బ్రతుకుతుంది. ఆ కోత చేతిని పాడుచేయడానికి కాదు, చేతిని మిగుల్చుకోవడానికి. డాక్టరుగారు సంతకం అడిగినప్పుడు, "పెదనాన్న ఊరి నుండి రావాలి, ఆయన్ను అడిగి చెబుతాం" అంటూ తెల్లవారేదాకా ఆపవద్దు. పెద్దలతో ఫోనులో మాట్లాడండి. డాక్టరుగారి చేతనే వారికి చెప్పించండి. అర్థం కానిది పదిసార్లు అడగండి. కాని గంటలు పోగొట్టవద్దు.

వేళ్ళు కదిలిస్తే భరించలేని నొప్పి, వేళ్ళు చల్లబడడం, తిమ్మిరి, రంగు మారడం కనిపిస్తే అది ఒత్తిడి పెరిగిన గుర్తు. రాత్రి ఏ వేళైనా సరే మమ్మల్ని లేపండి.

"చేయి తీసేయాలంటున్నారు. ఇంకొన్ని రోజులు చూడకూడదా?"

ఇంతకంటే కష్టమైన మాట మా వార్డులో లేదు. చెప్పేవారికీ కష్టమే. పూర్తిగా చనిపోయిన భాగం ఒంట్లో ఉంటే అది కుళ్ళి, విషం రక్తంలో కలుస్తుంది. అప్పుడు చేతితో పాటు మనిషినే పోగొట్టుకుంటాము. డాక్టర్లు మొదటిరోజే అంతా తీయరు. ఒకటి రెండు రోజులకు ఒకసారి ఆపరేషన్ థియేటర్‌కు తీసుకువెళ్ళి, చనిపోయినంత మేరకే తీస్తూ, బ్రతికి ఉన్నది కాపాడుతూ వస్తారు. అందువల్లనే ఆపరేషన్లు ఎక్కువసార్లు జరుగుతాయి. మొదటి ఆపరేషన్ సరిగా చేయలేదని అనుకోవద్దు.

"గుండెకేమీ కాలేదు కదా, ఇంకా ఆ వైర్లు ఎందుకు?"

ఇ.సి.జి.లో తేడా ఉన్నా, స్పృహ తప్పినా, హై టెన్షన్ షాక్ అయినా కనీసం ఒక రోజు గుండెను మానిటర్ మీద చూస్తారు. తరువాత లయ తప్పితే వెంటనే తెలియాలని.

"ఎలా జరిగిందో చెబితే పోలీసు కేసు అవుతుందేమో?"

దయచేసి నిజం చెప్పండి. పై నుండి పడ్డాడా లేదా, ఎంత ఎత్తు నుండి, ఎంతసేపు స్పృహ లేదు, మందు తాగి ఉన్నాడా అనేవి తెలిస్తేనే వెన్నెముకకు, తలకు ఏ పరీక్షలు చేయాలో తెలుస్తుంది. ఇటువంటి ప్రమాదాలను ఆసుపత్రి నమోదు చేయడం నియమం. దానివల్ల వైద్యం ఆగదు, తగ్గదు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే మొదటిరోజే కౌంటరులో చూపించండి.

ఎవరైనా టవర్ ఎక్కితే కింద ఉన్నవారు ఏమి చేయాలి?

1. వెంటనే 112కు, విద్యుత్ శాఖ నంబరు 1912కు ఫోను చేయండి. అగ్నిమాపక కేంద్రానికి 101, అంబులెన్సుకు 108. టవర్ మీద బిగించిన రేకు మీద దాని నంబరు ఉంటుంది. దూరం నుండి కనబడితే ఆ నంబరు చెప్పండి. ఏ లైను ఆపాలో తెలుస్తుంది. కనబడకపోతే ఊరు పేరు, దగ్గరి గుర్తులు చెప్పండి.

2. మీరు ఎక్కవద్దు. తమ్ముడైనా, కొడుకైనా సరే ఎక్కవద్దు. ఒక్కరి కోసం ఏడ్చే ఇంట్లో ఇద్దరి కోసం ఏడ్చే రోజు రాకూడదు.

3. జనాన్ని టవర్ కాళ్ళకు కనీసం 10 మీటర్ల దూరంలో ఉంచండి. పైన నిప్పుగీత దూకిన క్షణంలో ఆ కరెంటు టవర్ కాళ్ళ గుండా నేలలోకి దిగుతుంది. అప్పుడు దగ్గర నిలబడినవారి రెండు పాదాల మధ్య కూడా షాక్ పుడుతుంది. ఎవరైనా దగ్గరలో చిక్కుకుంటే పెద్ద అడుగులు వేయకుండా, పాదాలు రెండూ కలిపి నేల మీద ఈడుస్తూ బయటికి రావాలి.

4. ఈలలు, కేకలు, ఫోటోలు వద్దు. "దూకుతావా, దూకు చూద్దాం" అనే మాట నోటి వెంట రానీయకండి. అతనికి ఇష్టమైన ఒక్కరు మాత్రమే, నెమ్మదిగా పేరు పెట్టి పిలిచి మాట్లాడాలి. ముందుగా చెప్పవలసింది ఒకటే: "ఉన్నచోటే గట్టిగా పట్టుకుని కూర్చో, పైకి వెళ్ళకు, తీగల వైపు జరగకు. కరెంటు ఆపిస్తున్నాం."

5. కరెంటు ఆపి ఎర్త్ చేశామని విద్యుత్ సిబ్బంది స్వయంగా చెప్పేవరకు దిగేందుకు తొందర పెట్టవద్దు, తాళ్ళు విసరవద్దు.

కింద పడిపోయినవారికి ప్రథమ చికిత్స

కరెంటు ఆగిందని సిబ్బంది చెప్పిన తరువాతే, తెగిన తీగ ఏదీ దగ్గరలో లేదని చూసుకున్న తరువాతే ముట్టుకోండి.

ఊపిరి లేకపోతే గట్టి నేల మీద వెల్లకిలా ఉంచి, ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కండి. అంబులెన్సు వచ్చేవరకు ఆపవద్దు. అలసిపోతే మరొకరు అందుకోండి. షాక్ వల్ల గుండె ఆగిన పడుచువాళ్ళు ఇలా నొక్కడం వల్ల బ్రతికే అవకాశం ఉంది.

ఊపిరి ఉంటే మెడ, వెన్ను కదలనీయకండి. ఇద్దరు చేతులు, కాళ్ళు పట్టుకుని ఊయలలా ఎత్తవద్దు. ఆటోలో మడిచి కూర్చోబెట్టవద్దు. వెన్నెముక విరిగి ఉంటే ఆ కదలికతోనే కాళ్ళు చచ్చుబడవచ్చు. 108 రావడం ఆలస్యమైతే వెడల్పాటి చెక్క మీద, నలుగురు పట్టుకుని, దేహమంతా ఒకేసారి జరపండి.

కాలిన చోట మామూలు నీళ్ళు పోసి, శుభ్రమైన గుడ్డ కప్పండి. ఉంగరాలు, గాజులు, వాచీ, మొలతాడు వెంటనే తీసేయండి. వాపు వచ్చాక అవి రక్తాన్ని ఆపేస్తాయి. పసుపు, పేస్టు, సిరా, కోడిగుడ్డు సొన, పేడ పూయవద్దు. ఒంట్లో కరెంటును నేల లాగేస్తుందని మట్టిలో, ఇసుకలో పూడ్చిపెట్టే అలవాటు కొన్ని ఊళ్ళలో ఉంది. షాక్ ఆగిన తరువాత మనిషి ఒంట్లో కరెంటు మిగలదు. మట్టిలో పూడ్చితే మిగిలేది గాయంలో మురికి, పోయిన సమయం. నోటితో నీళ్ళు, టీ తాగించవద్దు. ధనుర్వాతం ఇంజక్షన్ ఆసుపత్రిలో ఇస్తారు.

ఇంటికి వెళ్ళిన తరువాత

కట్లు విప్పినంత మాత్రాన చికిత్స పూర్తి కాదు. కొన్ని నెలలకు, ఒక్కోసారి ఏడాది రెండేళ్ళకు కంట్లో శుక్లం రావచ్చు. చూపు మసకబారితే వయసు చిన్నదని ఊరుకోకుండా కంటి డాక్టరుకు చూపించండి. చేతులు కాళ్ళు తిమ్మిరెక్కడం, మతిమరుపు, నిద్రలో ఉలిక్కిపడడం, ఊరకే కోపం రావడం కూడా కరెంటు గాయం తరువాత కనిపించే లక్షణాలే. అవి నటన కాదు. గుడ్లు, పప్పులు, పాలు, చేపలు వంటి బలమైన ఆహారం పెట్టండి. కిడ్నీ దెబ్బతిన్నవారు మాత్రం డాక్టరుగారు చెప్పిన ప్రకారమే తినాలి. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు నొప్పి ఉన్నా రోజూ చేయించండి. లేకపోతే కీళ్ళు బిగుసుకుపోతాయి. చేయి, కాలు పోయినవారికి కృత్రిమ అవయవాలు ఉన్నాయి. వాటితో మళ్ళీ పనికి వెళ్ళవచ్చు.

మరొక మాట. కష్టంలో ఉండి, తన గోడు ఎవరూ వినడం లేదని టవర్ ఎక్కిన మనిషి దిగిన తరువాత ఆ కష్టం అలాగే ఉంటుంది. "పరువు తీశావు" అని తిట్టకండి. కూర్చోబెట్టి వినండి. మనసు బాగా లేనివారు, వారి కుటుంబాలవారు 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు. అందుకు డబ్బు అక్కరలేదు. ఆసుపత్రిలో సిస్టర్లతో, పాస్టరుగారితో మాట్లాడాలన్నా మొహమాటపడవద్దు.

దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమని శోధకుడు అడిగినప్పుడు యేసు ప్రభువు ఒప్పుకోలేదని సువార్తలో మనం చదువుకున్నాము. దేవుడు కాపాడుతాడు కదా అని ఆయననే పరీక్షకు పెట్టకూడదని ప్రభువు మనకు చూపించాడు. దేవుడిచ్చిన దేహాన్ని కాపాడుకోవడం కూడా ఆరాధనే.

టవర్ కాళ్ళకు చుట్టిన ముళ్ళ తీగ, పుర్రె బొమ్మ ఉన్న ప్రమాద సూచిక మిమ్మల్ని బెదిరించడానికి పెట్టినవి కావు. ఈ రోజు మీ పిల్లలను ఒకసారి దగ్గర కూర్చోబెట్టుకుని, ఊరి పక్క టవర్‌ను దూరం నుండే చూపించి, బిళ్ళలు లెక్కపెట్టించి, ఆ తీగ తాకకుండానే కాలుస్తుందని చెప్పండి. పేషెంటు దగ్గర రాత్రులు మేలుకుని ఉన్న మీకు ఆ మాట విలువ మాకంటే బాగా తెలుసు. మీ పేషెంటును ప్రభువు త్వరగా స్వస్థపరచును గాక.